రొయ్యల చెరువు మోటారు, చంద్రుడి మీద దుమ్ము

చీమకుర్తిలో మా అక్క వాళ్ల మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించి రెండేళ్లు దాటింది. క్వారీల వైపు నుంచి గాలి తిరిగిందంటే చాలు, పొద్దున తుడిచిన ప్యానెల్ సాయంత్రానికి విభూతి పూసుకున్నట్టు తయారవుతుంది. మొదట్లో మా మేనల్లుడు పొడి గుడ్డ పట్టుకుని గట్టిగా రుద్దేవాడు. కొన్నాళ్లకు ఎండ ఏటవాలుగా పడినప్పుడల్లా అద్దం మీద సన్నటి గీతలు, సాలెగూడులా, కనపడటం మొదలైంది. ఇప్పుడు రుద్దడం మానేశారు. పైపు పెట్టి నీళ్లు కొడతారు, మురికి జారిపోయాక అలాగే ఆరనిస్తారు.

చంద్రుడి మీద ఆ పైపు లేదు. ఊదడానికి గాలి కూడా లేదు. అక్కడికి వెళ్లిన యంత్రాల మీద పేరుకునే దుమ్మును వదిలించడానికి ఇప్పుడు శాస్త్రవేత్తలు గట్టిగా నమ్ముకున్న ఉపాయం ఒకటుంది. ప్యానెల్‌లోనో, కెమెరా అద్దంలోనో సన్నటి ఎలక్ట్రోడ్లు పరిచి, వాటిలో వోల్టేజీని ఒక వరసలో మారుస్తూ, దుమ్ము తనంతట తానే నడిచి బయటికి పోయేలా చేయడం. వినడానికి గారడీలా ఉంటుంది గానీ, మన రైతులు రోజూ చూసే త్రీ ఫేజ్ మోటారు అర్థమైతే ఇది సగం అర్థమైనట్టే. మోటారు సంగతికి వస్తాను. ముందు ఆ దుమ్మేమిటో చూడాలి.

ఇల్లు కట్టించిన వాళ్లెవరికైనా గుండ్లకమ్మ ఇసుకకూ రోబో శాండ్‌కూ తేడా చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది. ఏటి ఇసుక గింజ నీళ్లలో దొర్లి దొర్లి మూలలు అరిగిపోయి ఉంటుంది. రోబో శాండ్ క్రషర్‌లో పగిలిన రాయి. గుచ్చుకుంటుంది. చంద్రుడి దుమ్ము అచ్చంగా ఈ రెండో రకం, ఇంకా చెప్పాలంటే దానికి పెద్దన్న. కోట్ల ఏళ్లుగా ఉల్కలు, సన్నటి అంతరిక్ష ధూళి వచ్చి గుద్దుతుంటే రాళ్లు పగిలాయి. ఆ వేడికి కొంత కరిగి గాజుగా మారింది, ఆ గాజు మళ్లీ పగిలింది. అరగదీయడానికి నీరూ లేదు, గాలీ లేదు. కాబట్టి ప్రతి గింజా ఇప్పుడే పగిలిన సీసా పెంకులా ఉంటుంది. అక్కడి మట్టిని తూస్తే సుమారు సగం బరువు తల వెంట్రుక మందం కంటే సన్నటి గింజలదే. దాదాపు ఐదో వంతు 20 మైక్రాన్ల లోపుది, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు కన్నా చిన్నది.

దీంతో పడిన తిప్పలు 1972 డిసెంబరులో అపోలో 17 యాత్రలో బాగా బయటపడ్డాయి. వ్యోమగామి జీన్ సెర్నన్ దగ్గరున్న సుత్తి తగిలి రోవర్ వెనక చక్రం మడ్‌గార్డు విరిగింది. చక్రం తిరిగినప్పుడల్లా దుమ్ము వానలా ఇద్దరి మీదా పడింది. చివరికి నాలుగు మ్యాపు కాగితాలను టేపుతో అతికించి, క్లాంపులు బిగించి మడ్‌గార్డు చేసుకున్నారు. రిపేరంటే మన లారీ డ్రైవర్లు చేసే రకమే! తోటి యాత్రికుడు హారిసన్ ష్మిట్ హెల్మెట్ ముందున్న ఎండ అద్దం ఎంత గీతలు పడిందంటే, కొన్ని దిక్కులకు తిరిగితే సరిగా కనపడేది కాదు. లోపలికి వచ్చి సూటు విప్పాక ఆయనకు తుమ్ములు, ముక్కు దిబ్బడ.

మనుషులు లేని యంత్రాలకూ ఇదే బాధ. 1973లో సోవియట్ రోవర్ లూనోఖోద్-2, 39 కిలోమీటర్లు తిరిగాక, ఒక గుంత అంచుకు, లోపలి వైపు సోలార్ ప్యానెల్ ఉన్న తన మూత తగిలించుకుంది. మట్టి సోలార్ ప్యానెల్ మీద పడింది. రాత్రికి మూత మూసేసరికి ఆ మట్టి కాస్తా వేడిని బయటికి పంపే రేడియేటర్ మీద కుమ్మరించినట్టయింది. తర్వాత బండి వేడెక్కిపోయింది, అంతటితో దాని పని ముగిసింది. మనకు సోలార్ ప్యానెల్ మీద దుమ్మంటే కరెంటు తగ్గడమే. గాలి లేని చోట వేడి పోవడానికి రేడియేటర్ ఒక్కటే దారి. దాని మీద దుమ్ము కూర్చుంటే యంత్రానికి దుప్పటి కప్పి ఎండలో నిలబెట్టినట్టే.

మన చంద్రయాన్-3 విషయమే చూడండి. 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి లేచింది. ఆగస్టు 23న విక్రమ్ దిగేటప్పుడు దాని ఇంజిన్ల ధాటికి సుమారు 2.06 టన్నుల మట్టి చెదిరిందని, అది 108.4 చదరపు మీటర్ల మేర పరుచుకుందని హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ కేంద్రం) శాస్త్రవేత్తలు కక్ష్య నుంచి తీసిన ఫొటోలతో లెక్క కట్టారు. ఒక్క ల్యాండర్ దిగితేనే అంత!

అపోలో వాళ్లకు బ్రష్షులిచ్చి పంపారు. పెద్ద గింజలు పోయేవి, సన్నవి పోయేవి కావు. పైగా రుద్దేకొద్దీ సూటు గుడ్డలోకి ఇంకా దిగబడేవి. మా మేనల్లుడి అద్దం కథే.

ఎందుకంత పట్టు? దువ్వెన నెత్తికి రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టే ఆట గుర్తుందా? అదే. చంద్రుడి మీద ఎండ పడే చోట సూర్యుడి అతినీలలోహిత కిరణాలు దుమ్ము గింజల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి, గింజకు ధనావేశం మిగులుతుంది. చీకటి వైపు సౌరగాలిలోని ఎలక్ట్రాన్లు వచ్చి చేరి రుణావేశం పెరుగుతుంది. మన దగ్గరైతే గాలిలో తేమ ఉంటుంది కనుక ఇలాంటి ఆవేశం కాసేపటికి జారిపోతుంది. అక్కడ చుక్క తేమ లేదు. మట్టేమో కరెంటును దాదాపు పోనివ్వదు. పట్టిన ఆవేశం పట్టినట్టే ఉంటుంది.

దుమ్మును అంటించేది ఆవేశమైతే, ఊడదీయడానికీ అదే పనికిరాదా? ఈ ఆలోచన 1967లోనే నాసా కోసం చేసిన పనిలో కనిపిస్తుంది. 1970లలో టోక్యో విశ్వవిద్యాలయంలో సెనిచి మసుదా దీనికి రూపమిచ్చి ‘విద్యుత్ తెర’ అన్నాడు.

ఇక చెరువు దగ్గరికి వద్దాం. మా పెదనాన్న కొడుక్కి కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఒక రాత్రి అక్కడే పడుకున్నాను. రెండు గంటలప్పుడు ఏరేటర్ల చప్పుడు మారింది. నీళ్లు ఎగజిమ్మే చక్రాల్లో ఒకటి ఆగి ఉంది. స్విచ్ వేస్తే గుయ్ మంటుంది, కదలదు.

“మోటారు కాలిందేమో అన్నా” అన్నాను.

“కాలలేదురా. ఒక ఫేజు పోయింది. ఆ గుయ్‌మనడం ఇన్నావా? తిరగాలనే ఉంది దానికి, ఎటు తిరగాలో తెలవక అట్టా ఊగతంది.”

నేను ఈ విషయం మీద చదివిన వివరణలన్నిటిలో ఆ ఒక్క మాటకు సరితూగేది లేదు. త్రీ ఫేజ్ మోటారు విప్పితే లోపల చుట్టూ రాగి చుట్లు ఉంటాయి, మూడు ఫేజులవీ ఒకదాని పక్కన ఒకటి. ఒకటో చుట్టు బలం తగ్గేసరికి రెండోది పుంజుకుంటుంది, అది తగ్గేసరికి మూడోది. బలం అలా ఒకే దిక్కుకు పరిగెడుతూ ఉంటే ఇరుసు దాని వెంట పడుతుంది. ఒక ఫేజు పోతే మిగిలిన బలం ఉన్నచోటే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది తప్ప ముందుకు నడవదు. లెక్క ప్రకారం అది ఎదురెదురుగా పరిగెత్తే రెండు సమాన బలాలు కలిసినట్టు. అందుకే తిరుగుతూ ఉన్న మోటారు ఒక ఫేజు పోయినా కాసేపు ఈడుస్తుంది, ఆగి ఉన్నది మాత్రం లేవదు.

ఆ మోటారు చుట్లను ఒకచోట కోసి చాపలా పరిచామనుకోండి. దుమ్ము తెర దాదాపు అదే. ఒక తేడా ఉంది, చిన్నది కాదు: మోటారులో పని చేసేది అయస్కాంత బలం, ఇక్కడ విద్యుత్ క్షేత్రం. ఎలక్ట్రోడ్ల మీద కరెంటును పోనివ్వని పూత ఉంటుంది కనుక ఒకదాన్నుంచి ఇంకోదానికి కరెంటు పారదు. వోల్టేజీ వెయ్యి వోల్టులు, ఆ పైన కూడా ఉంటుంది గానీ ఖర్చయ్యే పవర్ చాలా తక్కువ. దోమల బ్యాట్ చిన్న బ్యాటరీతోనే వేల వోల్టులు పుట్టిస్తుంది కదా, ఆ తరహా. బ్యాట్‌లో తీగలు బయటికి ఉంటాయి కనుక టప్‌మంటుంది, ఇక్కడ కప్పి ఉంటాయి కనుక అనదు.

ఎలక్ట్రోడ్లు అంటే గీతలే. ఒక్కోటి పావు మిల్లీమీటరు వెడల్పు, పక్కదానికి మిల్లీమీటరు ఎడం అనుకుందాం. సులువైన డిజైన్‌లో రెండు దువ్వెనలను ఎదురెదురుగా పళ్లలో పళ్లు దూర్చినట్టు పరుస్తారు. ఒక దువ్వెనకు ప్లస్, ఇంకోదానికి మైనస్, సెకనుకు పది సార్లు అటూ ఇటూ మారుస్తూ. ఇది సింగిల్ ఫేజ్. గింజలు ఎగురుతాయి, ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే గెంతుతాయి. మా అన్న మోటారు లాగే. అయితే దుమ్ము గింజలన్నీ ఒక తీరుగా ఉండవు కాబట్టి కొన్ని అటు, కొన్ని ఇటు దొర్లుతూ అంచు దాకా పోయి పడిపోతాయి. పని అవుతుంది, కాకపోతే ఒక పద్ధతంటూ ఉండదు.

మూడో దువ్వెన చేర్చి వోల్టేజీని ఒకటి, రెండు, మూడు అని వరసగా నడిపిస్తే గింజలకు దిక్కు దొరుకుతుంది. చేటలో బియ్యం చెరిగితే ఊక ముందుకు జరుగుతూ పోతుంది చూడండి, అలా. తేమ పట్టని, ఆవేశం లేని గింజనూ ఇది వదలదు. క్షేత్రం దగ్గరికి రాగానే గింజలో ఒక పక్క ప్లస్, ఒక పక్క మైనస్ తేలి, అదీ లాగబడుతుంది. కాగితం ముక్క దువ్వెనకు అంటుకునేది ఇలాగే. సెకనుకు పది సార్లేనా అంటే, గింజ ఒక గీత మీంచి పక్క గీత మీదికి గెంతడానికి వ్యవధి ఇవ్వాలి. మరీ త్వరగా మారిస్తే గింజ ఉన్నచోటే వణుకుతుంది.

తెల్లారి లైన్‌మన్ వచ్చి తెగిన తీగ అతికించి వెళ్లాడు. ఏరేటర్లు అన్నీ వెనక్కి తిరిగాయి. మా అన్న తిట్టుకుంటూ పోయి స్టార్టర్ పెట్టెలో రెండు వైర్లు అటుదిటు మార్చి బిగించాడు, సరిపోయింది. దుమ్ము తెరలోనూ అంతే, వరస 1-2-3 బదులు 1-3-2 అంటే దుమ్ము ఎదురు దిక్కుకు నడుస్తుంది.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. చిక్కు గీతలు గీయడంలో మొదలవుతుంది. రెండు దువ్వెనలైతే ఒకదాని పిడి ఎడమ వైపు, ఇంకోదాని పిడి కుడి వైపు పెట్టొచ్చు. మూడోదాని పిడి ఎక్కడ పెట్టాలి? ఎక్కడ పెట్టినా ఏదో ఒక తీగను దాటాల్సిందే. దాటిన చోట మధ్యలో సన్నటి పూత మాత్రమే అడ్డం, అటూ ఇటూ వెయ్యి వోల్టుల తేడా. చెడిపోతే అక్కడే చెడిపోతుంది. ఒక దారేమిటంటే రెండు అంతస్తులు కట్టి, మూడో ఫేజును కింది అంతస్తులో నడిపి, చిన్న రంధ్రాల్లోంచి పైకి తేవడం. ఇంకో దారి నాకు భలే నచ్చింది. దోమల కాయిల్ ప్యాకెట్‌లో రెండు చుట్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని వస్తాయి గుర్తుందా, విడదీయబోతే విరిగిపోతాయి. అలా మూడు చుట్లు ఒకదానిలో ఒకటి ఇరికించారనుకోండి. మధ్య నుంచి బయటికి ఏ దిక్కున గీత గీసినా ఒకటి, రెండు, మూడు, మళ్లీ ఒకటి అనే వరసలోనే తగులుతాయి. మూడింటి కొసలూ బయటి అంచునే ఉంటాయి కనుక ఏ తీగా ఏ తీగనూ దాటదు. దుమ్ము మధ్య నుంచి నలువైపులకూ పోతుంది. గుండ్రటి కెమెరా అద్దానికి ఇది చక్కగా కుదురుతుంది.

రెండో చిక్కు దూరం. ఎలక్ట్రోడ్ల నుంచి పైకి పోయేకొద్దీ క్షేత్రం చాలా వేగంగా పడిపోతుంది. రెండు దువ్వెనల అమరికలో గీతకూ గీతకూ మధ్య 1 మిల్లీమీటరు ఉంటే, 1 మిల్లీమీటరు ఎత్తుకు పోయేసరికి దాదాపు 23వ వంతే మిగులుతుంది. పైన వేసే పూత మందం 0.1 మిల్లీమీటరు ఉంటేనే పావు వంతుకు పైగా బలం పూతలోనే పోయినట్టు. పోనీ గీతలను దగ్గరగా, 0.3 మిల్లీమీటరు ఎడంతో గీస్తే? అదే వోల్టేజీకి గీతల దగ్గర క్షేత్రం బలపడుతుంది, కానీ అదే పూత ఇప్పుడు సుమారు మూడింట రెండొంతుల బలాన్ని తినేస్తుంది. పూత పలచన చేస్తే వోల్టేజీ దాన్ని పొడుచుకుని బయటికి వస్తుంది. అందులోనూ గీతల అంచులు పదునుగా ఉంటే బలమంతా అక్కడే పోగవుతుంది. అందుకని మూలలను గుండ్రంగా తీరుస్తారు. గీతలు దగ్గరైతే ఇంకో నష్టం, పెద్ద గింజలను, మందంగా పేరుకున్న పొరను ఎత్తలేవు. ఇలా ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. ఈ రంగంలో పరిశోధన పత్రాల్లో సగం ఈ బేరసారాల గురించే అంటే నాకు ఆశ్చర్యం లేదు.

మూడోది, నా లెక్కలో అసలైనది, సన్న గింజల మొండితనం. బియ్యం చేతికి అంటదు, బియ్యప్పిండి అంటుతుంది. గింజ వ్యాసం పదో వంతుకు తగ్గితే బరువు వెయ్యో వంతవుతుంది. దాని పైతలం మీద పట్టే ఆవేశం, దాంతో పాటు దాన్ని లాగే విద్యుత్ బలం, వందో వంతవుతుంది. అద్దాన్ని అంటిపెట్టుకునే బలం మాత్రం పదో వంతుకే తగ్గుతుంది. అంటే 50 మైక్రాన్ల గింజతో పోలిస్తే 5 మైక్రాన్ల గింజను ఊడదీయడం పది రెట్లు కష్టం. చంద్రుడి మీద గురుత్వం మన దాంట్లో ఆరో వంతని, దుమ్ము తేలిగ్గా లేస్తుందని చాలామంది అనుకుంటారు. పెద్ద గింజలకు అది నిజమే. సన్నవాటి విషయంలో బరువు ఆటలోనే లేదు.

ఇన్ని చిక్కుల మధ్య ఒక కలిసొచ్చే సంగతి ఉంది. దుమ్ము అరగకుండా, ఆవేశం జారకుండా చేసిన ఆ శూన్యమే ఇక్కడ సాయం చేస్తుంది. మన గాలిలో మిల్లీమీటరుకు 3,000 వోల్టులు దాటితే నిప్పురవ్వ పడుతుంది, ఎందుకంటే గాలి అణువులే విరిగి దారి ఇస్తాయి. అంగారకుడి మీద ఇంకా కష్టం. అక్కడి పలచటి కార్బన్ డయాక్సైడ్ గాలి, నిప్పురవ్వ పుట్టడానికి సరిగ్గా అనువైన పలచదనంలో ఉంది, కొన్ని వందల వోల్టులకే రవ్వ పడొచ్చు. చంద్రుడి మీద విరగడానికి గాలే లేదు కనుక వోల్టేజీ ధైర్యంగా పెంచుకోవచ్చు.

ఎలక్ట్రోడ్లను దేనితో చేయాలన్నది ఎక్కడ వాడతామన్న దాన్ని బట్టి ఉంటుంది. రేడియేటర్‌కు రాగి గీతలు చాలు, పైన తెల్ల పూత. సోలార్ ప్యానెల్‌కు, కెమెరాకు వెలుగు లోపలికి పోవాలి కాబట్టి ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక పదార్థం వాడతారు. మన ఫోన్ టచ్ స్క్రీన్‌లో ఉండేదే. రాగి కంటే కరెంటును తక్కువగా పోనిస్తుంది గానీ, ఇక్కడ పారే కరెంటే అత్యల్పం కనుక ఫరవాలేదు. వంచితే మాత్రం పగుళ్లిస్తుంది. అందుకని స్పేస్ సూట్లకు అది కుదరదు. హైదరాబాద్‌లో పుట్టిన కావ్య మన్యపు ఈ సమస్య మీద పనిచేసి, కార్బన్ నానోట్యూబు దారాలను సూటు గుడ్డలోనే అల్లి ఎలక్ట్రోడ్లుగా వాడే పద్ధతి రూపొందించారు. వంగుతాయి, తెగవు. కరెంటు పోనివ్వని పొర కోసం ఎక్కువగా పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్, గాజు వాడతారు. నెల్లూరు వాడినై ఉంటే సైదాపురం కాకిబంగారం ఎందుకు వాడరని అడిగేవాణ్ణి. పాతకాలం ఇస్త్రీ పెట్టెల్లో తీగ చుట్టింది ఆ రేకు మీదే, కరెంటుకు అంత గట్టి అడ్డం. పలచటి పొరలుగా విడుస్తుంది కూడా. కాకపోతే చదరపు మీటరు ప్యానెల్‌ను అతుకు లేకుండా కప్పాలంటే రేకులతో పని కాదు.

నాసా కెనెడీ కేంద్రంలో ఏళ్ల తరబడి తయారైన ఈ తెర 2019లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్) బయట పెట్టిన పరీక్షల్లో నిలిచింది. 2025 మార్చి 2న ఫైర్‌ఫ్లై సంస్థ బ్లూ ఘోస్ట్ ల్యాండర్‌తో చంద్రుడి మీద మేర్ క్రైసియం అనే మైదానంలో దిగింది. అక్కడ ఒక గాజు పలక మీద, ఒక రేడియేటర్ పలక మీద అసలు చంద్రుడి మట్టి పడ్డాక ఆన్ చేస్తే, మట్టి లేచిపోయింది. ముందు, తర్వాత ఫొటోలు పక్కపక్కన చూస్తే మాటలక్కర్లేదు.

దీంతో చేయలేనివీ ఉన్నాయి. బేరింగుల్లోకి, జిప్పుల్లోకి, సీళ్ల మధ్యలోకి దూరిన దుమ్మును ఇది తీయలేదు. పక్కన ఇంకో ల్యాండర్ దిగితే తూటాల్లా వచ్చే ఇసుకను ఆపలేదు. 1969లో అపోలో 12 దిగినప్పుడు 160 మీటర్ల దూరంలో నిలబడి ఉన్న సర్వేయర్-3 అనే పాత ల్యాండర్‌కు ఆ దెబ్బలు తగిలాయి. అందుకే వేరే దారులూ వెతుకుతున్నారు. ఎలక్ట్రాన్ల ధార కొట్టి దుమ్మును తనంతట తానే ఎగిరేలా చేసేది ఒకటి. ద్రవ నైట్రోజన్ చిమ్మేది ఇంకోటి. దీన్ని అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు బార్బీ బొమ్మకు స్పేస్ సూటు కుట్టి, అగ్నిపర్వతపు బూడిద పూసి పరీక్షించారు, 98 శాతానికి పైగా పోయింది.

ఇదంతా మా అక్కకు చెప్తే ఒకటే అడిగింది: “ఆ గీతలేవో మన మేడ మీద వేయించొచ్చు కదరా?” ఎడారి దేశాల్లో ఆ ప్రయత్నాలు జరుగుతున్నాయి. మనకు సముద్రం దగ్గర. తెల్లవారుజామున పడే మంచు రాతి పొడిని ప్యానెల్ మీదే సున్నం పూసినట్టు గట్టిపరుస్తుంది, అలా గట్టిపడినదాన్ని ఈ తెర ఎత్తలేదు. తేమ అద్దం మీద వెయ్యి వోల్టులు నిలబెట్టడం ఇంకో టెన్షన్. పైపే నయమన్నాను, మిట్టమధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు కొట్టొద్దని మాత్రం చెప్పాను.